తాంబూలములు పుచ్చుకొనుటకు ముందు



పుష్యమాసము శూన్యమాసమని యూరకుండిన పెద్దలు మాఘము రాగానే పంచాంగములు చేతబట్టుదురు. అప్పటినుండి మా విశాఖపట్టణమున పూర్ణా మార్కెట్టులో కనకాంబరముల మూరకు బేరమాడుటకు గూడ వీలుండదు. ఆ సందడి మొదలు కాకమునుపే నిశ్చితార్థపు ఏర్పాట్లను గూర్చి వ్రాయుడని కొందరు సోదరీమణులు జాబులు పంపిరి. పళ్ళెము లెన్ని యుండవలెనని యొకరు, ఇంట జేయుట గౌరవమా మండపమున జేయుట గౌరవమా యని మఱియొకరు అడిగినారు. విజయనగరమునుండి యొక సోదరి మాత్రము, "ఖర్చు మాది, పట్టీ వియ్యాలవారిది, ఏమి చేయవలెను?" అని యొక్క పంక్తితో జాబు ముగించినది. ఆ పంక్తి చదువగానే, కిందటి వైశాఖమున మా యాడుబిడ్డగారింట జరిగిన సంగతి మాకు జ్ఞప్తికి వచ్చినది. అందలి పొరపాటులలో కొన్ని మావే గనుక దానిని గూర్చి వ్రాయుటకు మాకు హక్కు కలదనుకొందుము.

నిశ్చితార్థమునకు ఊరూర నొక్కొక్క పేరున్నది. తాంబూలములు పుచ్చుకొనుట యని కొందరు, లగ్నపత్రిక వ్రాసికొనుట యని కొందరు, ప్రధానమని కొందరు అందురు. ఈ కడపటి మాట తెలుగు క్రైస్తవుల వేదగ్రంథములో గూడ కలదు; మరియ యోసేపునకు ప్రధానము చేయబడిన కన్యక యని యందు వ్రాసియున్నది. మన పెద్దలు వివాహమునకు వాగ్దానము మొదలు సప్తపది వఱకు ఐదంగములు చెప్పిరి. ఏడవ యడుగుతో గాని వివాహము పూర్తి కాదని మనుస్మృతి. అంతకంటె యోగ్యుడైన వరుడు వచ్చెనేని, మాట యిచ్చిన కన్యనైనను మరలించుకొనవచ్చునని యాజ్ఞవల్క్యుడు చెప్పినాడు. కావున తాంబూలములు మార్చుకొన్నంతమాత్రమున పెండ్లి యయిపోయినట్లు గాదు. శాస్త్రమట్లుండగా లోకము వేఱుగా నున్నది. ఏ కారణమున మాట తప్పినను, ఎవరివలన తప్పినను, నింద వచ్చి పడునది ఆడపిల్ల మీదనే.

ఇందుకు సావిత్రిని సాక్ష్యము పిలుతురు. ఒకమారు మనసున వరించిన తరువాత నారదుడు చెప్పినను ఆమె మనసు మార్చుకొనలేదు గదా యందురు. ఎఱ్ఱన తెనిగించిన యరణ్యపర్వభాగమును మఱియొకసారి చదువుడని మా మనవి. సావిత్రి తానే బయలుదేఱి, తానే వెదకి, తానే వరించినది. తండ్రి రథమిచ్చి పంపినాడు. ఆ ముందుకథ నటుంచి, మాట దాటరాదను భాగమును మాత్రమే పిల్లలకు బోధించుట మన యలవాటైనది.

మన ప్రాంతపు చరిత్రను తలచికొన్నచో ఈ మాటలబేరము ఎంత దూరము పోయినదో తెలియును. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్క నాటకము 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయినది. ఆ మొదటి కూర్పుపీఠికలో ఆయన యొక లెక్క ఉదాహరించినారు. విజయనగర మహారాజావారు పట్టీ వ్రాయింపగా, నాటి విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబములందు శుల్కము పుచ్చుకొని చేసిన పెండ్లిండ్లు 1034 తేలినవట. ఏటికి 344 చొప్పున నన్నమాట. అందు ఏడాది వయసు పసికందులు ముగ్గురు. వారికి వెల తలకు 350 మొదలు 400 రూపాయలు. తల్లికడుపులో నున్న శిశువునకు గూడ బేరము కుదుర్చుట కలదని యప్పారావుగారు వ్రాసినారు. శుల్కము పోయి కట్నము వచ్చినది. పుచ్చుకొను చేయి మాఱినది గాని బేరమాడు పీట మాఱలేదు.

శాసనములు రాకపోలేదు. 1929 నాటి శారదా శాసనము బాలికకు 14, బాలునకు 18 ఏండ్లని హద్దు పెట్టినది. 1978లో అవి 18, 21 అయినవి. కట్నమును నిషేధించుచు మన యాంధ్రప్రదేశమున 1958లోనే యొక శాసనము పుట్టినది. దేశమంతటికి 1961లో వచ్చినది. ఆ 1961 శాసనము ప్రకారము పెండ్లినాడు ఇచ్చినది మాత్రమే కట్నము గాదు, పెండ్లికి ముందు ఇచ్చినదియు, ఇచ్చెదమని యొప్పుకొన్నదియు గూడ కట్నమే. అనగా తాంబూలముల పళ్ళెముముందు కూర్చుండి పలుకు మాట సైతము అందులోనికి వచ్చును. 1985 నాటి నియమములు మఱియొక మేలు చేసినవి. వధువునకు వచ్చిన కానుకల కొక పట్టీ, వరునకు వచ్చిన వాని కొక పట్టీ వ్రాసి, వస్తువు పేరు, సుమారు వెల, ఇచ్చినవారి పేరు, వారి చుట్టఱికము చూపి, ఉభయులును సంతకము చేయవలెను. పెండ్లివేళ చేయవలసిన పని యిది. నిశ్చితార్థమునాడు పెట్టిన యుంగరముతోనే మొదలుపెట్టిన యెడల తరువాత తడుముకొనుట యుండదు. ఆ కాగితము బీరువాలో నుండినంత మాత్రమున ఎవరి ప్రేమయు తగ్గదు.

ఇక మా యాడుబిడ్డగారింటి సంగతి. వారిది గాజువాక. అన్నయ్యగారు ఉక్కు కర్మాగారములో పాళీల మీద పనిచేయువారు. ఉద్యోగమిక రెండేండ్లే యున్నది. మగపిల్లలు లేరు, ఇద్దరును ఆడపిల్లలే. పెద్దది చదువు ముగించి యొక వైద్యశాలలోని ప్రయోగశాలలో పనిచేయుచున్నది, చిన్నది ఇంకను చదువుచున్నది. వరుడు ఓడరేవులో ఉద్యోగి. ఆయన తండ్రిగారు అనకాపల్లిలో బెల్లపు వర్తకులు. పిల్లను చూచిపోయిరి, ఇష్టమనిరి, ముహూర్తము పెట్టుకొనుడనిరి. డాబామీద పందిరి వేసి అఱువదిమందితో తాంబూలములు కానిత్తమని వదినగారనుకొనిరి. మా దస్తూరి గుండ్రముగా నుండునని బంధువులలో కొంత ప్రతీతి యున్నందున పట్టీ వ్రాయు పని మాకు అప్పగించినారు.

పది దినములకు అనకాపల్లినుండి కబురు వచ్చినది. వారి తరపున 220 మంది వత్తురట. డాబామీద ఎట్లు సరిపోవును, సముద్రపుటొడ్డున నేదేని మండపము చూడుడని సలహా. ఎవరును కట్నమడుగలేదు. అది మాత్రము నిజము. కాని మండపము, వంట, దీపాలంకారము, ఛాయాచిత్రములు కలిపి లెక్క వేసిన సాయంకాలము అన్నయ్యగారు ప్రావిడెంటు ఫండునుండి కొంత తీయుదుననిరి. వదినగారు చేతి గాజులవైపు చూచుకొనిరి. మేము కొత్త కాగితము తీసి "మండపము" అని శీర్షిక వ్రాసితిమి. అడ్డు చెప్పవలసిన చోట చెప్పక, చక్కని యక్షరములతో ఆ యప్పునకు పద్దు వ్రాసి పెట్టినవారము మేము.

ఆ రాత్రి అమ్మాయి మాయొద్దకు మజ్జిగ తెచ్చి, పట్టీ చేతికి తీసికొని చివరివఱకు చదివినది. "అత్తయ్యా, ఇందులో అందరి పనులూ ఉన్నాయి. నేనేం చెయ్యాలో రాయలేదేం?" అన్నది. నీ పని పట్టుచీర కట్టుకొని కూర్చుండుటయే గదా యని మేము నవ్వితిమి. పిల్ల నవ్వలేదు. కొంతసేపటికి మెల్లగా విషయము చెప్పినది. చెల్లెలి చదువు ముగియువఱకు తన జీతములో మూడవవంతు తల్లిదండ్రులకు ఇయ్యదలచినది. ఆ మాట తాంబూలములకు ముందే ఆ అబ్బాయితో చెప్పవలెనని తండ్రిని రెండుమారులు అడిగినదట. ఆయన చూతములెమ్మని దాటవేసినారట.

మేమేమి చెప్పితిమో వ్రాయుటకు సిగ్గగుచున్నది. ఇప్పుడెందుకమ్మా, పెండ్లయిన తరువాత సమయము చూచి మెల్లగా చెప్పుకొనవచ్చునంటిమి. అమ్మాయి మాఱుమాటాడక ఖాళీ గ్లాసు తీసికొని వెళ్ళినది.

నిద్ర పట్టలేదు. సంబంధములు కుదురుటలేదని కిందటి యేడు ఈ పిల్ల చేతనే నలువది దినములు రుక్మిణీకల్యాణము పారాయణము చేయించినవారము మేమే. మన యిండ్లలో కన్నెపిల్లల కదియొక వ్రతము వంటిది గదా! ఆ కథలో నున్నదేమి? అన్న తనంతట తాను శిశుపాలునితో సంబంధము నిశ్చయించినాడు. తండ్రి కాదనలేకపోయినాడు. ఆ పిల్ల పెండ్లి ముహూర్తము ముంచుకొని వచ్చుచుండగా అగ్నిద్యోతనుడను బ్రాహ్మణుని పిలిచి తన మాట తానే చెప్పి పంపినది. పెండ్లయిన తరువాత మెల్లగా చెప్పుకొందమని కూర్చుండలేదు. నలువది దినములు కంఠస్థము చేయించి, నలువదియొకటవనాడు నోరు మూసికొమ్మనుట యేమి న్యాయము?

తెల్లవాఱి రాత్రిపాళీనుండి అన్నయ్యగారు ఇల్లు చేరుసరికి మా వారును మేమును వారింటనే కూర్చుండియుంటిమి. మా వారు మేనమామ గనుక మాటాడుటకు చనువున్నది. వదినగారు కన్నీరు పెట్టుకొనిరి. "చెల్లెమ్మా, అడిగితే సంబంధం తప్పిపోదూ?" అని అన్నయ్యగారు మావంక చూచిరి. మేము బదులు చెప్పలేకపోయితిమి; తప్పిపోవచ్చును గదా! ఆయన ముఖము కడుగుకొని వచ్చి, చాలసేపు కూర్చుండి, "తాంబూలాలిచ్చాక తప్పిపోవడం కంటే ఇప్పుడు తప్పిపోవడమే నయం" అని తానే ఫోను తీసికొన్నారు. ఆ మాట మా శ్లోకముల కంటె బలమైనది.

సింహాచలము కొండమీద, దర్శనమైన పిమ్మట, మెట్లకడ ఆ యిద్దరిని అరగంటసేపు మాటాడుకొననిచ్చి మేము దూరముగా ప్రసాదము పంచుకొనుచు కూర్చుంటిమి. అబ్బాయి ఒప్పుకొన్నాడు. తానును తల్లిదండ్రులకు పంపుచునే యున్నాడట, అందులో అడుగవలసినదేమున్నదన్నాడట. ఐనను అమ్మతో చెప్పవలెనన్నాడు. తరువాత రెండు దినములు అనకాపల్లినుండి ఏ కబురును లేదు. ఆ రెండు దినములు వదినగారు మాతో మాటాడలేదు.

మూడవనాడు వియ్యపురాలు కాదలచిన యామె, బెల్లపుటచ్చులు రెండు సంచిలో బెట్టుకొని, తానొక్కతెయే వచ్చినది. జీతము సంగతి వారిద్దరును చూచుకొందురు గాని, ఇట్టిది తనకు ముందు తెలియకపోవుటయే కష్టముగా నున్నదన్నది. అది న్యాయమే యని మేమొప్పుకొంటిమి. తరువాత 220 మంది సంగతి వచ్చినది. "ముప్ఫయి ఏళ్ళుగా మా వారు ఊళ్ళో అందరిళ్ళలో భోజనం చేశారమ్మా. ఆ రుణం ఎలా తీర్చం?" అన్నది. ఆడంబరమని మేమనుకొన్నది వారికి ఋణము. దానిని వినియుండినచో పది దినముల క్రిందటనే దారి దొరకియుండును. వారి యూరివారికి అనకాపల్లిలో వారే, తమ ఖర్చుతో, పెండ్లి తరువాత విందు చేయుటకును, గాజువాకలో తాంబూలములు డాబామీదనే డెబ్బదిమందితో జరుగుటకును నిశ్చయమైనది. ఆమె ముఖమున నవ్వు మాత్రము ఆనాడు కానరాలేదు. వెళ్ళునప్పుడు బొట్టు పెట్టించుకొని వెళ్ళినది, అంతే.

కుమారసంభవము ఆఱవ సర్గలో సప్తర్షులు అరుంధతితో గూడి హిమవంతునొద్దకు పిల్ల నడుగ వచ్చిరి. ఆ పర్వతరాజు సమాధానమిచ్చుటకు ముందు భార్యయైన మేన ముఖమువంక చూచినాడట. కూతుళ్ళ విషయమున గృహస్థులు ఇల్లాండ్ర కన్నులతోనే చూతురని కాళిదాసు వాకొన్నాడు. విజయనగరపు సోదరి దీనిని గమనింపవలెను. పట్టీ వియ్యాలవారిదైనను అది మీ యింటికి వచ్చి చదువబడునప్పుడు మీ ముఖము వంక చూచువారుందురు. ఆ క్షణమున మావలె కలము తీసికొని శీర్షిక వ్రాయవలదు. వియ్యపురాలితో, మగవారు లేని సమయమున, ఒక్క గంట కూర్చుండుడు.

ఇప్పుడు ఏర్పాట్లు. మా యూర దినము కుదుర్చుటయే మొదటి చిక్కు. 1933లో ఓడరేవు తెఱచిననాటినుండి, అంతకంటె హెచ్చుగా 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితమైన నాటినుండి, ఇచ్చట సగమిండ్ల గడియారములు పాళీలనుబట్టి తిరుగును. ఆదివారము అందరికి సెలవని పొరుగూరివారు తలతురు. కొలిమికి ఆదివారము లేదు. మా పురోహితులు మంచి తిథియని అక్షయతృతీయను చూపిరి. ఆనాడు సింహాద్రి యప్పన్న చందనోత్సవము, ఏడాదికొక్కమారు నిజరూపదర్శనము. లక్షలాది జనము కొండకు పోవుచుండ అనకాపల్లి బంధువులు వేళకు గాజువాక చేరుట కల్ల. మఱియొక దినము, సాయంకాలము నాలుగున్నరకు పెట్టించితిమి. ఉదయపు పాళీవారు స్నానము చేసి వచ్చిరి. రాత్రి పాళీవారు భుజించి పనికి పోయిరి. ఆశ్వయుజ కార్తికములలో పెట్టుకొనువారు సముద్రపుటొడ్డున పందిళ్ళను నమ్మరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ పట్టణమును తాకినప్పుడు చెట్లే నిలువలేదు, పందిళ్ళ మాట చెప్పవలెనా?

పళ్ళెములు బేసిసంఖ్యగా నుండవలెనను ఆచారము తప్ప, ఇన్ని యని శాస్త్రము లేదు. మేము తొమ్మిది పెట్టితిమి. పసుపు కుంకుమలు, తమలపాకులు వక్కలు, కొబ్బరికాయలు, పూలు, అరటిపండ్లు, చీర రవిక, వరునికి పొందూరు ఖద్దరు పంచెలచాపు, మాడుగుల హల్వా, చలిమిడి. గోధుమపాలతో చేయు మాడుగుల హల్వా నాలుగు దినములు ముందు తెచ్చినను చెడదు, అది యొక సౌకర్యము. వచ్చిన ముత్తైదువలకు ఏటికొప్పాక లక్క కుంకుమబరిణెలు ఇచ్చితిమి. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. మన జనులు మాత్రము ఇప్పటికిని ప్లాస్టికు డబ్బాలు కొందురు.

వంటకు కిలో బియ్యము ఎనిమిదిమందికి వచ్చునను లెక్కన తొమ్మిది కిలోలు వండించితిమి. పులిహోర, మామిడికాయపప్పు, ఆవపెట్టిన పనసపొట్టుకూర, బూరెలు, పెరుగన్నము. వైశాఖము గనుక పనస, మామిడి చవుక. ఇచ్చట మా రెండవ పొరపాటు. అతిథులను లెక్కించితిమి గాని సన్నాయివారిని, కారు డ్రైవరులను, ఛాయాచిత్రములవారిని లెక్కింపలేదు. పదకొండుగురు తేలిరి. వారికి వడ్డించుసరికి మాకు పులిహోర మిగులలేదు. మరల అత్తెసరు పెట్టి రాత్రి పదింటికి ఆవకాయతో తింటిమి. పట్టీ వ్రాయువారు పనివారి పేర్లతోనే మొదలుపెట్టుట మంచిది.

గణపతిపూజ, పుణ్యాహవాచనము, లగ్నపత్రిక, తాంబూలముల మార్పు, ఇవి పురోహితులు నడపుదురు. లగ్నపత్రికను నాలుగు మూలల పసుపు రాచి, ఉభయుల గోత్రప్రవరలతో పైకి చదువుదురు. తాతల పేర్లు, తండ్రుల పేర్లు వినిపించినవి. తల్లుల పేర్లును వ్రాయుడని మేము కోరితిమి. పురోహితులు ఒకింత ఆలోచించి, వ్రాయరాదని యెచ్చటను లేదని చెప్పి చేర్చినారు. చదివినప్పుడు అనకాపల్లియామె తల యెత్తి చూచినది.

ఉంగరముల మార్పు పాశ్చాత్యుల యనుకరణ యని కొందరు పెద్దలు విసుగుకొందురు. ప్రధానపుటుంగరమను మాట తెలుగున ఉండనే యున్నది. ఇద్దరును మార్చుకొనుట మాత్రము క్రొత్త. మొదటి శతాబ్దమున రోమకులు ప్రధానము చేసికొన్న కన్యకు రాయి లేని యినుప యుంగరము పంపుచుండిరని ప్లీనీ యను పండితుడు వ్రాసియుంచినాడు. బంగారపు ధర వినునప్పుడెల్ల మాకా యినుప యుంగరము తలపునకు వచ్చును. ఉక్కునగరమువారి కది తగని వస్తువు గాదు గదా యని అన్నయ్యగారితో నంటిమి. ఆయన నవ్వి, బంగారమునే కొన్నారు. సన్నని యుంగరములే.

మార్గశిరమున ఒక గురువారమునాడు మా వదినగారు, వియ్యపురాలు కలిసి కనకమహాలక్ష్మి దర్శనమునకు బురుజుపేట వెళ్ళి, తిరిగి వచ్చుచు మాయింట కాఫీ త్రాగిరి. పెండ్లి ఫాల్గుణమున. విజయనగరపు సోదరి తన పట్టీని మాకు పంపినచో ఏయే పద్దులు తీసివేయవచ్చునో చూచి వ్రాసెదము. పెండ్లిపందిరికి కావలసిన సామగ్రి సంగతి వచ్చు మాసమున.